కేబులా, డిష్షా?

హెచ్‌డీ బొమ్మ రెండింటిలోనూ వస్తుంది, హెచ్‌డీ బాక్సు మాత్రం ఉండాలి. పాత బాక్సుతో ఎంత పెద్ద టీవీ కొన్నా ముఖాలు మసకే.

డిష్ సంగతి బెజవాడ వానల్లో తేలిపోతుంది. అది ఉపగ్రహం నుంచి అందుకునే కేయూ బ్యాండ్ అనే ఎక్కువ ఫ్రీక్వెన్సీ తరంగాలను జోరువాన పీల్చేస్తుంది. మొన్న సత్యనారాయణపురంలో కుంభవృష్టి కురిసినప్పుడు, చివరి ఓవర్లో మా తెర గళ్లు గళ్లుగా విడిపోయి ఆగిపోయింది. కేబుల్ ఉన్న పక్కింట్లో ఒకటే కేకలు, ఫోరో, వికెట్టో!

కేబుల్ వారూ ఉపగ్రహం నుంచే తీసుకుంటారు. కానీ వారి పెద్ద డిష్షులు ఎక్కువగా పట్టే సీ బ్యాండ్ అనే తక్కువ ఫ్రీక్వెన్సీ తరంగాలకు వాన బెడద తక్కువ. అయితే స్తంభం మీది తీగ తెగితే వీధంతా టీవీలు మూగబోతాయి. పిలిస్తే వచ్చే మనిషి దగ్గర్లోనే ఉంటాడు కాబట్టి, నేనైతే కేబుల్‌కే మారాను.