విజయనగరం ఫొటోగ్రాఫర్ల సదస్సు: తొమ్మిది వేల ఖర్చుకు దక్కినదేమిటి?

ఆషాఢ మాసంలో ముహూర్తాలు ఉండవు కనుక, పెళ్ళి ఫొటోల మీద బతికే మాలాంటి వాళ్ళకు ఊరు దాటి వెళ్ళే తీరిక ఆ నెలలోనే దొరుకుతుంది. విజయనగరంలో రెండు రోజుల వృత్తి ఫొటోగ్రాఫర్ల సదస్సు జరుగుతోందని తెలియగానే, మనిషికి 2,500 రూపాయల చొప్పున కట్టి, నేనూ మా అక్కగారి భర్తా పేర్లు నమోదు చేయించుకున్నాము. శ్రీకాకుళంలో మా స్టూడియోకు వీడియో పని చూసేది బావే. అయిదు వేలు పెట్టి ఉపన్యాసాలు వినడమెందుకని మొదటి నుంచీ గొణుగుతూనే ఉన్న ఆయన, భోజనం కూడా ఆ రుసుములోనే ఉందని తెలిశాక బయలుదేరారు.

శనివారం తెల్లవారుజామున శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్సులో బస్సెక్కి ఏడింటికల్లా విజయనగరంలో దిగాము. ప్రయాణం గురించి చెప్పుకోవడానికి ఏమీ లేదు. లాడ్జి గురించి మాత్రం ఉంది.

ముందు రోజు ఫోను చేసినప్పుడు ఏసీ గది 1,400 అనీ, దిగినప్పటి నుంచి ఇరవై నాలుగు గంటల లెక్క అనీ చెప్పారు. మరుసటి ఉదయం ఏడింటికి గది వదిలేస్తే ఒక్క రోజు అద్దెతో పోతుందన్నది మా ఆలోచన. తీరా కౌంటరు దగ్గర కుర్రవాడు రిజిస్టరు మా వైపు తిప్పి, "ఫోన్లో ఎవరు చెప్పారో నాకు తెల్దండి, ఇక్కడ పన్నెండు నుంచి పన్నెండండి" అన్నాడు. ఆ లెక్కన ఉదయం ఏడు నుంచి మధ్యాహ్నం దాకా ఒక రోజు, ఆ తర్వాతిది మరో రోజు, వెరసి 2,800. పది గంటలకు సదస్సు మొదలవుతుంది, భుజాన రెండు కెమెరా బాడీలు, నాలుగు లెన్సులు, లైటు స్టాండ్లు ఉన్నాయి. ఆ బరువుతో వేరే లాడ్జి వెతుక్కునే ఓపిక లేక ఒప్పుకున్నాము. గీజరులో నీళ్ళు కాగలేదు, దాన్ని కూడా క్షమించవచ్చు. క్షమించలేనిది ఆ గది తాళం. తాళానికి వేలాడే ప్లాస్టిక్ బిళ్ళను తలుపు పక్కనున్న గూటిలో దూరిస్తేనే గదికి కరెంటు వస్తుంది. బయటికి వెళ్ళేటప్పుడు ఆ తాళాన్ని కౌంటరులో ఇచ్చి తీరాలన్నారు. బావ ఆరు బ్యాటరీలను చార్జింగుకు పెట్టి వచ్చారు. రాత్రి తొమ్మిదింటికి గదికి చేరి చూస్తే ఒక్కటీ ఎక్కలేదు. ఉన్న ఒకే ఒక్క ప్లగ్గులో అర్ధరాత్రి దాకా ఒకదాని తర్వాత ఒకటి మారుస్తూ కూర్చున్నారే గానీ నాతో మాట్లాడలేదు. కెమెరాలతో వెళ్ళేవారు గది అద్దె కంటే ముందు ప్లగ్గుల సంగతి అడగాలి.

ఇక సదస్సు. మొదటి రోజు భోజనాల వరకు జరిగినదాన్ని నేను సదస్సు అనను, సంత అంటాను. ఒక కెమెరా కంపెనీ ప్రతినిధి గంటన్నర సేపు, లోపల అద్దం లేని కొత్త మిర్రర్‌లెస్ బాడీ గొప్పతనం చెప్పి, చివర తగ్గింపు కూపన్లు పంచాడు. ఆయన తర్వాత వచ్చిన పేరున్న పెళ్ళి ఫొటోగ్రాఫరు రాజస్థాన్ కోటల్లో తాను తీసిన పెళ్ళిళ్ళు చూపించారు. ఫొటోలు కళ్ళు చెదిరేలా ఉన్న మాట నిజమే. అయితే అరవై వేల ప్యాకేజీలో కరిజ్మా ఆల్బమ్ (ఫొటోలను పేజీల మీదే ముద్రించేది), వీడియో, ప్రీ-వెడ్డింగ్ అన్నీ కలిపి అడిగే మా ఊరి పెళ్ళివారి దగ్గర ఆ పాఠం ఎలా పనికివస్తుందో ఆయనా చెప్పలేదు, అడిగే అవకాశమూ మాకు ఇవ్వలేదు. బావ వెనక వరుసలో కునుకు తీశారు.

భోజనాల తర్వాత వేదికెక్కిన పెద్దాయన మాత్రం మా డబ్బుకు న్యాయం చేశారు. ఫిల్ము రీళ్ళ కాలం నుంచి స్టూడియో నడుపుతున్న మనిషి. ఆయన చేతిలో ఉన్నవి ఒక బల్బు, ఒక థర్మోకోల్ షీటు, మెడలో టైలరు టేపు, అంతే. హాల్లో లైట్లు ఆర్పించి, వడ్డన చేస్తున్న ఇద్దరు కుర్రవాళ్ళను పిలిచి, ఒకణ్ణి బల్బుకు 4 అడుగుల్లోనూ రెండోవాణ్ణి 6 అడుగుల్లోనూ టేపు పట్టి మరీ నిలబెట్టారు. మొదటివాడి ముఖం తెల్లగా వెలిగిపోతోంది, రెండోవాడు చీకట్లో ఉన్నట్టున్నాడు. పీటల మీద పెళ్ళికొడుకు తెల్లబడి పెళ్ళికూతురు నల్లబడే మా ఫొటోలన్నీ నాకు ఒక్కసారిగా గుర్తుకొచ్చాయి. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకు తగ్గుతుందన్న సూత్రం నేను చదవనిది కాదు; దాన్ని మండపంలోకి తీసుకురావడమే తెలియలేదు. ఆ లెక్క ప్రకారం 6 అడుగుల్లో ఉన్నవాడికి 4 అడుగుల్లో ఉన్నవాడికి అందేదాంట్లో సగం కూడా అందదు. బల్బును 6 అడుగులు వెనక్కి జరిపితే దూరాలు 10, 12 అవుతాయి, రెండోవాడికి మొదటివాడికి అందేదాంట్లో దాదాపు 70 శాతం అందుతుంది. ముందున్నవాడి మీద పడే వెలుగు కూడా ఆరో వంతుకు పడిపోతుంది కాబట్టి ఫ్లాషు పవరో, కెమెరా వెలుగును పట్టే శక్తిని చెప్పే ఐఎస్‌ఓనో పెంచుకోవాలనీ, లైటు దూరమైన కొద్దీ నీడలు గట్టిపడతాయి కాబట్టి లైటుకు తగిలించే పెద్ద గొడుగు వాడాలనీ ఆయన చెప్పారు. థర్మోకోల్ షీటును రెండోవాడి పక్కకు తెచ్చి పట్టుకోగానే వాడి చెంప మీది నీడ కరిగిపోవడం హాలంతా చూసింది. బావ నిద్ర లేచి, ఫోనులో వీడియో తీసుకుంటూ కనిపించారు. ఫంక్షన్ హాళ్ళలో చౌకరకం ఎల్‌ఈడీ లైట్ల కింద ఫొటోల్లో చారలు పడే బాధకు కూడా ఆ పెద్దాయనే మందు చెప్పారు: మన కరెంటు 50 హెర్ట్జులది కనుక షట్టరు వేగాన్ని సెకనులో 1/100 వంతు దగ్గరో 1/50 వంతు దగ్గరో ఉంచితే చాలావరకు చారలు పోతాయి.

ఆదివారం తెల్లవారగానే, 1713లో పునాది పడిన కోట దగ్గర, నడుస్తూ ఫొటోలు తీసే ఫొటో వాక్ పెట్టారు. నూట ఇరవై మందిని ఒకే ద్వారం ముందు నిలబెడితే ఒకరి తల ఇంకొకరి ఫ్రేములో పడటం తప్ప ఇంకేమీ జరగలేదు.

సదస్సులో మాకు జరిగిన రెండో మేలు ఆ రోజు ఒక న్యాయవాది చేశారు. డబ్బు తీసుకుని ఒకరి కోరిక మీద తీసిన ఫొటోకు, వేరే ఒప్పందం ఏదీ లేకపోతే, తీయించుకున్నవారే తొలి హక్కుదారులవుతారని 1957 నాటి కాపీరైట్ చట్టం 17వ సెక్షను చెబుతోందట. తీసినవాడిదే హక్కు అని ఇన్నేళ్ళుగా నమ్ముతున్న మేమంతా ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాము. రెండేళ్ళ కిందట ఒక పెళ్ళికూతురి ఫొటోను దుకాణం ముందు ఫ్లెక్సీకి వేయించినందుకు ఆ అమ్మాయి తండ్రి వచ్చి కేకలు వేస్తే, ఆయనదే మొండితనమనుకుని నేను ఎదురు వాదించాను. ఆ వాదన నాది తప్పని ఆదివారం పదకొండు గంటలకు తెలిసింది. బయానా తీసుకునేటప్పుడే, ఫొటోలను ప్రచారానికి వాడుకోవచ్చునా లేదా అన్నది కాగితం మీద రాయించుకోమని న్యాయవాది సలహా. పెళ్ళిళ్ళలో ఎగరేసే డ్రోను 250 గ్రాములు దాటితే, డబ్బుకు చేసే పని కనుక, 2021 నియమాల ప్రకారం రిమోట్ పైలట్ సర్టిఫికెట్ కావాలని ఆయన చెప్పినప్పుడు హాల్లో చాలామంది కుర్చీల్లో సర్దుకున్నారు. మా డ్రోను బరువెంతో బావ నన్ను అడగలేదు, నేనూ చెప్పలేదు.

రుసుము 5,000, లాడ్జి 2,800, రానూపోనూ బస్సు 480, ఆటోలకూ టిఫిన్లకూ 900. మొత్తం 9,180 రూపాయలు. రెండు రోజుల్లో పనికొచ్చినది మూడు గంటలకు మించదు. అయినా ఆ మూడు గంటల కోసం వెళ్ళమనే చెబుతాను, ఒక షరతు మీద: కార్యక్రమ పట్టిక ముందుగా తెప్పించుకుని, కంపెనీల పూటలు సగానికి మించి ఉంటే డబ్బు కట్టవద్దు. ఒక్కడే మనిషితో దుకాణం నడిపేవారు పెళ్ళిళ్ళ రోజుల్లో ఇటువంటి వాటికి అసలు వెళ్ళవద్దు, ఒక్క పెళ్ళి వదులుకుంటే పోయేది ఇంతకు ఎన్నో రెట్లు.

తిరుగు బస్సులో బావ సదస్సు సంచీ మీదే ఒప్పంద పత్రం చిత్తుప్రతి రాశారు. మరుసటి ఏడు మళ్ళీ వస్తారా అని అడిగితే వస్తానన్నారు గానీ, దిగేది విజయనగరం దగ్గరి నెల్లిమర్లలో మా పిన్ని ఇంట్లోనే అని తేల్చేశారు. బస్సు శ్రీకాకుళం చేరేలోపే ఆవిడకు ఫోను చేసి, ముందు గదిలో ప్లగ్గులు ఎన్ని ఉన్నాయో కనుక్కున్నారు.