250 రూపాయల మల్టీమీటర్: నాలుగేళ్ల వాడకం తర్వాత

వోల్టేజీ, కరెంటు, ఓమ్స్ (వైరులో కరెంటుకు ఉండే అడ్డు) కొలిచే ఈ పసుపుపచ్చ మల్టీమీటర్‌ను 2021లో హైదరాబాద్ వెళ్లినప్పుడు కోఠీ గుజరాతీ గల్లీలో 250 రూపాయలకు కొన్నాను. మీద డీటీ830డీ అని మోడల్ నంబరు ఉంది కానీ తయారు చేసినవాళ్ల పేరెక్కడా లేదు. నా బండి 2014 నాటి 150 సీసీది. ఉండేది విశాఖలో, సముద్రానికి దగ్గర్లో. ఇక్కడి ఉప్పుగాలికి ఏ కనెక్టర్ ఎప్పుడు చిలుము పడుతుందో చెప్పలేం. మీటర్ కొన్నప్పటికి బండి కరెంటు పనుల్లో నాకు తెలిసింది ఫ్యూజు మార్చడం ఒక్కటే.

మొదటిరోజే దాన్ని చంపేయబోయాను. కింద మూడు రంధ్రాలుంటాయి. ఎర్ర వైరును 10 ఆంపియర్ల రంధ్రంలో పెట్టి, వోల్టేజీ చూద్దామని బ్యాటరీ టెర్మినళ్లకు ఆనించాను. చిటపటమని నిప్పురవ్వలు! వైరు చివరుండే సూదిలాంటి ప్రోబ్ మొన నల్లగా మాడింది. ఆ రంధ్రం వెనక ఉండేది దాదాపు ఉత్త తీగే, నా మీటర్‌లో దానికి ఫ్యూజు కూడా లేదు. అంటే బ్యాటరీని చేజేతులా షార్ట్ చేశానన్నమాట. అదృష్టం కొద్దీ మీటర్ బతికింది. ఆ రంధ్రం మీద ఇన్సులేషన్ టేపు వేశాను, ఇప్పటికీ తీయలేదు.

నా పనిలో తొంభై శాతం డయల్‌ను 20 వోల్టుల డీసీ దగ్గర పెడితేనే అయిపోతుంది. పొద్దున బండి తీయకముందు 12.6 దాకా చూపిస్తే బ్యాటరీలో చార్జింగ్ ఉన్నట్టు, 12 కిందికి దిగితే చార్జర్‌కు పెట్టాల్సిందే. ఇంజిన్ రేజ్ చేస్తే నా బండికి 14 చుట్టూ రావాలి. ఇంతవరకూ ఎవరైనా చెబుతారు. నాకు దెబ్బ తగిలింది మాత్రం ఈ 12.6 దగ్గరే.

2022 వానాకాలంలో సెల్ఫ్ నొక్కితే 'టక్' మని ఆగిపోయేది, న్యూట్రల్ లైటు ఆరిపోయేది. మెకానిక్ చూసి బ్యాటరీ పోయిందన్నాడు. మీటర్ 12.6 చూపిస్తున్నా ఆయన మాటే నమ్మి కొత్తది వేయించాను, పాతది ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేశాను. రెండు వారాలకు మళ్లీ అదే 'టక్'. అప్పుడు కూర్చుని కొంచెం చదివాను. మీటర్ తీసుకునే కరెంటు నామమాత్రం. వైరులో ఒక్క పోగు మిగిలినా అది నిండు వోల్టేజీ చూపిస్తుంది. ట్యాంకు నిండా నీళ్లుండి పైపులో చెత్త అడ్డుపడ్డట్టు! సంగతి తేలాలంటే లోడు పడుతున్నప్పుడే, అంటే సెల్ఫ్ లాంటిది కరెంటు లాగుతున్నప్పుడే కొలవాలి.

ఎర్ర ప్రోబ్‌ను ఇంజిన్ మీద శుభ్రంగా ఉన్న ఒక బోల్టుకు, నల్లదాన్ని బ్యాటరీ మైనస్‌కు నేనే పట్టుకున్నాను. నాన్నను మీటర్ చూడమని చెప్పి సెల్ఫ్ నొక్కాను. "రెండూ పాయింటు నలభై అంటోందిరా" అన్నారు, కళ్లజోడు కూడా లేకుండానే. 0.2, 0.3 దాటకూడని చోట 2.40! అంటే బ్యాటరీ మైనస్‌కూ ఇంజిన్‌కూ మధ్య దారిలోనే అంత వోల్టేజీ పోతోంది. ఎర్త్ వైరు ఇంజిన్‌కు కలిసే బోల్టు విప్పితే రింగు కింద పచ్చటి చిలుము, అట్ట కట్టినట్టు. గరుకు కాగితంతో రుద్ది, వేజలైన్ రాసి, బిగించాక 0.11. సెల్ఫ్ ఒక్క నొక్కుకే అందుకుంది. పాత బ్యాటరీ గుర్తొచ్చినప్పుడల్లా ఇప్పటికీ కడుపు మండుతుంది.

రెండో దెబ్బ మీటర్ వల్లే. ఒకరోజు రేజ్ చేస్తే 16.1 చూపించింది. చార్జింగ్ వోల్టేజీ హద్దు దాటకుండా చూసే రెగ్యులేటర్ పోయింది, ఇలాగే నడిపితే బ్యాటరీ ఉడికిపోతుందని టెన్షన్‌తో కొత్త రెగ్యులేటర్ తెచ్చి బిగించాను. మళ్లీ 16.1! చివరికి తేలిందేమిటంటే, మీటర్‌లోని 9 వోల్టుల బ్యాటరీ అయిపోవచ్చింది. అది నీరసపడితే ఈ చవక మీటర్లు ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తాయి. తెర మూలన చిన్న బ్యాటరీ గుర్తు వెలుగుతూనే ఉంది, నేనే పట్టించుకోలేదు. ఇప్పుడు బండి దగ్గరికి వెళ్లేముందు ఒక కొత్త పెన్సిల్ సెల్‌ను కొలుస్తాను. 1.6 దగ్గర్లో రావాలి. ఆ రోజు అదే సెల్ 1.79 చూపించింది.

ఇంకో లోపం, వైరు తెగకుండా ఉంటే 'బీప్' మనే బజర్ నా పీసులో లేదు. వైరు ఎక్కడ తెగిందో వెతుకుతూ ప్రతిసారీ తెరవైపు తల తిప్పాలి, ఆలోగా ప్రోబ్ జారిపోతుంది. ఇంకో వంద పెట్టయినా బజర్ ఉన్నదే కొనండి. ప్రోబ్ వైర్లు మెడ దగ్గర లోపలే తెగాయి, రెండుసార్లు సోల్డరింగ్ చేశాను. ఓమ్స్‌లో ప్రోబ్‌లు రెండూ కలిపినా 0.7 చూపిస్తుంది. అందుకే స్టేటర్ కాయిల్ (ఇంజిన్ తిరుగుతుంటే కరెంటు పుట్టించే తీగచుట్ట) లాంటి, ఒక ఓమ్ కూడా ఉండని వాటికి దీని అంకె నమ్మను. స్టేటర్ వైర్లు బాడీకి షార్ట్ అయ్యాయా లేదా అన్నంతవరకు పనికొస్తుంది.

దీనికి తోడుగా పాత ఇండికేటర్ బల్బు హోల్డర్‌కు రెండు వైర్లు అతికించి పెట్టుకున్నాను. 10 వాట్ల బల్బు కాబట్టి దాదాపు 0.8 ఆంపియర్ లాగుతుంది. హార్న్ కనెక్టర్ దగ్గర మీటర్ 12.4 అంటుంటే ఈ బల్బు మినుకుమినుకుమంది. తప్పు స్విచ్‌లో ఉందని పది నిమిషాల్లో దొరికింది. రెండిట్లో ఒకటే ఉంచుకోమంటే మాత్రం మీటరే ఉంచుకుంటాను.

ఇంట్లో 230 వోల్టుల కరెంటుకు దీన్ని వాడను. డయల్ మీద 750 అని రాసి ఉన్నా, ఆ సన్నటి వైర్లను చూస్తే ధైర్యం చాలదు. మొన్న ఫ్రిజ్ ఆగితే ప్లగ్గులో పెట్టి చూద్దామని నాన్న మీటర్ పట్టుకొచ్చారు. చేతిలోంచి తీసుకుని టెస్టర్ ఇచ్చాను.