గప్పీ, జీబ్రా, ఫైటర్: ఇంట్లో చేపపిల్లలు తీయడానికి ఏది మేలు?

పోయిన నెల భీమవరం నుంచి మా మేనల్లుడు ఫోన్ చేశాడు. “మావయ్యా, ఫైటర్ జత తెచ్చాను, మగది నురగ గూడు కట్టింది, గుడ్లు కూడా పెట్టేశాయి, ఇప్పుడు పిల్లలకి ఏం పెట్టాలి?” అని. ప్రశ్న మంచిదే, కానీ అది చేపలు కొనడానికి వారం ముందు అడగాల్సిన ప్రశ్న. పిల్లలు ఈదడం మొదలుపెట్టిన పూటకి వాటి మేత మన చేతిలో ఉండాలి, లేకపోతే రెండు మూడు రోజుల్లో తొట్టి ఖాళీ అయిపోతుంది. వాడి తొట్టీ అలాగే అయింది. దుకాణంలో రంగు గుళికల డబ్బా ఒకటి ఇచ్చి పంపారట, ఆ గుళిక ఒక్కొక్కటి పిల్ల తలకాయకంటే పెద్దది.

చేపలచేత గుడ్లు పెట్టించడం పెద్ద కష్టం కాదు, మన డెల్టా ఉక్కకి అవి వద్దన్నా పెడతాయి. కష్టమంతా మొదటి పది పన్నెండు రోజులే. అందుకని ఏ చేపతో మొదలుపెట్టాలని ఎవరడిగినా నేను చెప్పేది ఒకటే: తల్లిచేప తోక చూసి కాదు, పుట్టబోయే పిల్ల నోరెంతుందో చూసి ఎంచుకోండి. ఎక్కడైనా తేలిగ్గా దొరికే మూడు రకాల్ని అలా పక్కపక్కన పెట్టి చూద్దాం.

గప్పీ గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది. దాదాపు నాలుగు వారాలు కడుపులో మోస్తుంది, బయటికి వచ్చేసరికి పిల్ల 6, 7 మిల్లీమీటర్లు ఉంటుంది, పుట్టిన కాసేపటికే మేత వెతుక్కుంటుంది. పెద్దవాటికి వేసే పొడిమేతనే రెండు వేళ్ల మధ్య నలిపి దుమ్ములా చేసి వేస్తే చాలు. కాన్పుకి 20 నుంచి 50 దాకా పిల్లలొస్తాయి. పైగా ఒకసారి జతకట్టిన ఆడది మగదాని వీర్యాన్ని నెలల తరబడి ఒంట్లో దాచుకుంటుంది కాబట్టి, ఒక్క ఆడచేపనే తెచ్చినా అది మళ్ళీ మళ్ళీ పిల్లలు పెడుతూనే ఉంటుంది. చిక్కు కూడా అక్కడే ఉంది. మీరు ఎర్రతోక మగదాన్ని ఏరి కోరి తెచ్చి జత వేసినా, మొదటి కాన్పుల్లో వచ్చే పిల్లలు దుకాణం తొట్టిలో ఏ మగదానికి పుట్టినవో తెలియదు. రంగు నిలబెట్టాలంటే మీ ఇంట్లో పుట్టిన ఆడపిల్లల్ని నెల నిండకముందే వేరు చేసి, అవి ఎదిగాక మీకు కావాల్సిన మగదాంతో కలపాలి. అది రెండో ఏడాది పని, మొదట్లోనే దానికి టెన్షన్ పడక్కర్లేదు.

గప్పీ తల్లి తన పిల్లల్నే తినేస్తుంది, ఇది చూసి చాలామంది బ్రీడింగ్ బాక్స్ కొంటారు. నా అనుభవంలో ఆ చిన్న ప్లాస్టిక్ డబ్బాలో తల్లిని బిగిస్తే బెదిరిపోయి కాన్పు ఆలస్యం అవుతుంది, కొన్నిసార్లు చచ్చి పుడతాయి. దానికంటే మన కాలువ గట్టున ఊరికే దొరికే గుర్రపుడెక్క ఎంతో మేలు. రెండు మొక్కలు తెచ్చి వేస్తే ఆ గుబురు వేళ్లలోకి పిల్లలు దూరిపోతాయి, తల్లికి అందవు. తెచ్చింది తెచ్చినట్టు మాత్రం వేయకండి. వేళ్లలో తూనీగ పిల్లపురుగులుంటాయి, ఒక్క పురుగు ఉంటే రోజుకి కొన్ని పిల్లల్ని మింగుతుంది, మీకేమో పిల్లలు ఎందుకు తగ్గుతున్నాయో అర్థం కాదు. లేత గులాబీ రంగు వచ్చేంత పర్మాంగనేట్ కలిపిన నీళ్ళలో పావుగంట ముంచి, బాగా జాడించి, ఒక వారం వేరే బకెట్‌లో ఉంచి చూసి అప్పుడు వేయండి.

గప్పీకి అద్దాల తొట్టి అక్కర్లేదు కూడా. పశువుల్లేక ఖాళీగా పడి ఉన్న కుడితి గోలెం, అడుగు పూడ్చిన నూతి వర, ఏదైనా సరిపోతుంది, నిజానికి అద్దాల తొట్టిలోకంటే అందులోనే పిల్లలు గట్టిగా పెరుగుతాయి, ఎందుకంటే నీరు కాస్త పచ్చబడి రోజంతా ఏదో ఒకటి తింటూ ఉంటాయి, దోమ లార్వా పడితే అదీ విందే. కొత్త సిమెంటు అయితే రెండు మూడు వారాలు నీళ్లు పోసి, పారబోసి, సున్నం ఊరడం తగ్గాకే చేపల్ని వేయాలి. ఎండాకాలం పైన తాటాకో కొబ్బరాకో కప్పకపోతే మిట్టమధ్యాహ్నం ఆ నీళ్ళలో చెయ్యి పెట్టలేం. ఇంకో మాట, పిల్లలు ఎక్కువైపోయాయని కాలువలోనో చెరువులోనో వదిలేయకండి. బయటి దేశాల చేపలు ఒకసారి స్థిరపడితే మన చేలల్లోని చిన్న చేపలకి చోటుండదు. దోమల కోసం చెరువుల్లో వదిలే గంబూజియా చేప ఎన్నో దేశాల్లో అలాగే తలనొప్పిగా మారింది. పక్కింటి గోలెంలోకి ఇవ్వండి, దుకాణానికి ఇవ్వండి.

నీళ్ళ సంగతి ఇక్కడే చెప్పాలి, చేప ఎంపికలో సగం అదే తేలుస్తుంది. అంతర్వేది, ఓడలరేవు వైపు బోరు నీళ్ళలో ఉప్పు తగులుతుంది, అక్కడుండేవాళ్ళు ఇంకేం ఆలోచించకుండా గప్పీ తీసుకోండి, దానికి కాస్త ఉప్పదనం, సున్నం పాలు ఎక్కువున్న గట్టి నీళ్లు ఇష్టమే. జీబ్రా చాలా నీళ్ళకి సర్దుకుంటుంది. ఫైటర్‌కి మెత్తటి నీళ్లు మేలు, కాలువ నీళ్ళు అందే లోపలి ఊళ్ళలో అది తేలిక. అయితే వేసవిలో కాలువలు కట్టేశాక మంచినీటి చెరువులో మట్టం పడిపోతుంది, కుళాయి నీళ్ళకి బ్లీచింగ్ వాసన పెరుగుతుంది, వరదల రోజుల్లో ఎర్రనీరు వస్తుంది. పెద్ద చేప ఓర్చుకునే క్లోరిన్ పిల్లని చంపేస్తుంది. బకెట్లో పట్టి ఒక రోజంతా ఆరుబయట ఉంచండి, లేదా క్లోరిన్‌ని విరిచే హైపో రెండు పలుకులు వేయండి. మార్చేటప్పుడు కూడా సగం తొట్టి గుమ్మరించకుండా, సన్నటి ఎయిర్ ట్యూబ్‌తో రోజూ పదోవంతు తీసి పదోవంతు పోయండి.

ఇక జీబ్రా. అందరూ చవక చేప అని తీసిపారేస్తారు గానీ, మూడింటిలో నాకు మనసుకి దగ్గరైనది ఇదే. ఇది మన ఉపఖండపు చేపే, గంగ చేపల మీద రాసిన పుస్తకంలో ఫ్రాన్సిస్ హామిల్టన్ అనే శాస్త్రజ్ఞుడు 1822లో దీన్ని వర్ణించాడు. హైదరాబాద్ సీసీఎంబీ లాంటి పరిశోధనాలయాల్లో దీన్ని పెంచుతారు, కారణం దీని గుడ్డు అద్దంలా పారదర్శకంగా ఉండటం. గుడ్డు పెట్టిన మర్నాడు భూతద్దం పెట్టి చూస్తే లోపల గుండె కొట్టుకోవడం కనపడుతుంది. మా అమ్మాయి స్కూలుకి ఆలస్యమైనా లేవకుండా దాన్నే చూస్తూ కూర్చుంది ఒక పొద్దున.

పెట్టించడం ఇలా. పది పన్నెండు లీటర్ల చిన్న తొట్టి, జానెడు లోతు నీళ్లు, అడుగంతా గోలీలు పరవండి. గుడ్లు గోలీల సందుల్లోకి జారిపోతాయి, లేదంటే పెట్టినవి పెట్టినట్టు అవే తినేస్తాయి. సాయంత్రం బాగా మేపిన ఆడదొకటి, మగవి రెండు అందులో వదిలి గుడ్డ కప్పండి. పొద్దున వెలుతురు పడగానే తరుముకుంటాయి, గంట రెండు గంటల్లో పని అయిపోతుంది, వెంటనే పెద్దవాటిని తీసేయండి. వందకి తక్కువ కాకుండా గుడ్లు రావచ్చు. తెల్లబడినవి పాడైనవి, వాటిని డ్రాపర్‌తో ఏరేసి రెండు చుక్కలు మెథిలీన్ బ్లూ వేస్తే బూజు పట్టదు. 28 డిగ్రీల దగ్గర రెండు మూడు రోజుల్లో పొదుగుతాయి, మరో రెండు రోజులు అద్దానికి అతుక్కుని సన్నటి గాజుముక్కల్లా ఉంటాయి, ఆ తర్వాత ఈదుతాయి. ఇక్కడిదాకా అందరికీ వస్తుంది. ఈదిన రోజు నుంచి దాని నోట్లో పట్టేది కంటికి ఆనని జీవులే, అక్కడే నూటికి తొంభై మంది ఓడిపోతారు.

అందుకే మేతల్లో ఏది మేలో కూడా చూడాలి. ఉడికించిన కోడిగుడ్డు పచ్చసొన గుడ్డలో పిండి ఆ పాలు చుక్క చుక్కగా వేయడం అందరికీ తెలిసిన పద్ధతి, ఖర్చు లేదు, అప్పటికప్పుడు అవుతుంది, కానీ తినగా మిగిలింది పూటలో కుళ్ళి నీళ్లు తెల్లబడతాయి. రెండు చుక్కలు చాలనిపించినచోట ఒక్క చుక్కే వేయండి. ఇది గతి లేనప్పటి మేత, ఆధారపడే మేత కాదు.

రెండోది ఇన్ఫ్యూసోరియా, అంటే నీళ్ళలో పెరిగే ఆ కంటికి ఆనని జీవులే. ఎండుగడ్డి ఉడకబెట్టి చల్లార్చిన నీళ్ళలో శుభ్రమైన చెరువు నీళ్లు గ్లాసుడు కలిపి నాలుగైదు రోజులు నీడలో ఉంచితే, ముందు తెల్లగా మురిగినట్టయి తర్వాత తేరుకుంటుంది, వెలుతురుకి పట్టి చూస్తే దుమ్ము కదులుతున్నట్టు కనపడుతుంది. జీబ్రా పిల్లకి మొదటి వారం దీన్ని మించింది లేదు. కానీ మన ఎండుగడ్డితో జాగ్రత్త. ఒకసారి నేను కళ్ళం పక్క కుప్పలోంచి గుప్పెడు గడ్డి తెచ్చి చేశాను, ఆ చేలో దోమపోటుకి మందు కొట్టారని తర్వాత తెలిసింది. రెండు చెంచాలు పోసిన మర్నాటికి పిల్లలన్నీ అడుగున పడి ఉన్నాయి, ఆ రోజు నాకు అన్నం సహించలేదు. అప్పటినుంచి పెరట్లో గెల కోసిన అరటిపండు తొక్కతోనే చేస్తున్నాను. రెండు సీసాలు నాలుగు రోజుల తేడాతో పెట్టుకుంటే ఒకటి అయిపోయేలోపు ఇంకోటి వస్తుంది.

మూడోది ఆర్టీమియా, డబ్బాలో ఎండు గుడ్లుగా అమ్మే ఉప్పునీళ్ళ చిన్న రొయ్యలాంటి జీవి. రొయ్యల హ్యాచరీల్లో పిల్లకి పెట్టేది ఇదే, కాబట్టి మన వైపు దీని పేరు తెలియనివాళ్ళు తక్కువ. డబ్బా ఖరీదు ఎక్కువే, కానీ ఇంటికి కావాల్సింది అందులో చెంచాలే, నలుగురు కలిసి పంచుకోండి. కూల్‌డ్రింక్ సీసా అడుగు కోసి తలకిందులుగా నిలబెట్టి, లీటరు నీళ్ళకి 25 నుంచి 30 గ్రాముల కళ్ళుప్పు, పావు చెంచా గుడ్లు, ఎయిర్ ట్యూబ్‌తో గాలి, పైన ఒక బల్బు, అంతే, మన వేడికి 24 గంటల్లో పొదుగుతుంది. గాలి ఆపి పది నిమిషాలు ఆగితే పెంకులు పైకి తేలతాయి, నారింజ రంగు పిల్లలు అడుగుకి చేరతాయి, వాటిని గొట్టంతో లాగి పాత పంచె గుడ్డలో వడకట్టి మంచినీళ్ళతో కడిగి వేయాలి. పొదిగిన కొద్ది గంటల్లోనే వేసేయండి, ఆలస్యమైతే వాటి ఒంట్లో సత్తువ కరిగిపోతుంది. పిల్ల పొట్ట నారింజ రంగులో ఉబ్బి కనపడితే ఆ పూట మీరు నెగ్గినట్టే. గప్పీ పిల్ల దీన్ని మొదటి రోజే తింటుంది, ఫైటర్ పిల్ల రెండు మూడు రోజులు ఇన్ఫ్యూసోరియా తిని దీనికొస్తుంది, జీబ్రాకి వారం పది రోజులు ఆగాలి. నోటి సంగతి అన్నది ఇందుకే. నా ఓటు ఆర్టీమియాకే, ఎదుగుదలలో తేడా పది రోజులకే కంటికి తెలుస్తుంది.

ఫైటర్ దగ్గరికి వస్తే, అది గుడ్డు పెట్టే తీరు చూసినవాళ్ళు మళ్ళీ వదలరు. మగది నోటితో బుడగలు ఊది గూడు కడుతుంది, ఆడదాన్ని చుట్టుకుని గుడ్లు రాలగానే ఒక్కొక్కటీ ఏరి గూట్లో పెడుతుంది, జారిపడ్డవాటిని మళ్ళీ తెచ్చి పెడుతుంది. జానెడు లోతు నీళ్లు, పైన ఎండిన బాదం ఆకు ఒకటి చాలు, గూడు దాని కిందే కడుతుంది. పని అయిపోగానే ఆడదాన్ని తీసేయాలి, లేకపోతే మగది చీల్చేస్తుంది. ఒకటి రెండు రోజుల్లో పొదుగుతాయి, మరో రెండు మూడు రోజులకి పిల్లలు అడ్డంగా ఈదుతాయి, అప్పుడు తండ్రిని కూడా తీసేయాలి. మూడు నాలుగు వారాల వయసులో పిల్లలు పైగాలి పీల్చడం మొదలుపెడతాయి, ఆ రోజుల్లో మూత బాగా కప్పి ఉంచండి, నీళ్ల పైన గాలి వెచ్చగా ఉండాలి. సంక్రాంతి చలిలో తీసిన పిల్లలు నాకు ఎక్కువగా పోయింది ఇక్కడే.

అసలు భారం తర్వాత మొదలవుతుంది. రెండు మూడు నెలలకి మగపిల్లలు కొట్టుకుంటాయి, ఒక్కోదాన్ని ఒక్కో సీసాలో వేయాలి. నలభై మగవి వస్తే నలభై సీసాలు, వారానికి రెండుసార్లు నలభై సీసాల నీళ్ళు మార్చడం, ఊరెళితే ఇంట్లో ఎవరికో ఒకరికి ఆ పని. చేతికి నాలుగు డబ్బులు వచ్చేది కూడా దీంట్లోనే, మంచి తోక ఉన్న మగదాన్ని దుకాణాలు విడిగా కొంటాయి, గప్పీ పిల్లలకి ఆ ధర రాదు. కానీ ఉద్యోగానికి పొద్దున వెళ్ళి రాత్రి వచ్చేవాళ్ళు దీని జోలికి వెళ్ళొద్దని గట్టిగా చెబుతాను.

ఎప్పుడూ పిల్లలు తీయనివాళ్ళకి, ఉప్పునీళ్ళ ఊళ్ళవాళ్ళకి, రోజుకి పావుగంటకి మించి తీరికలేనివాళ్ళకి గప్పీయే మేలు. ఇంట్లో చదువుకునే పిల్లలుండి, సీసాలో ఇన్ఫ్యూసోరియా ముందే తయారు చేసుకునే ఓపిక ఉంటే జీబ్రా, అది నేర్పినంత పని ఇంకేదీ నేర్పదు. జీబ్రా పిల్లల్ని నెల దాటించగలిగారంటే ఫైటర్ పిల్లల్ని మేపడం మీకు కష్టం కాదు, సీసాలకి చోటుంటే అప్పుడు దిగండి.

మేనల్లుడికి ఆ జతే ఇంకా ఉంది, వాడికి ఫైటరే కావాలి. సరే అన్నాను, కానీ జతను మళ్ళీ కలపకుండా ముందు ఆర్టీమియా రెండుసార్లు పొదిగించి చూపించమన్నాను, అరటితొక్క సీసా కూడా పెట్టమన్నాను. మొదటిసారి మెత్తటి టేబుల్ ఉప్పు వేసి, గాలి సరిగ్గా పెట్టక సగం కూడా పొదగలేదు. మొన్న ఆదివారం ఫోటో పంపాడు, తలకిందుల సీసా మూత దగ్గర అంగుళం మందాన నారింజ రంగు. ఈ శనివారం జత కలుపుతాడు.