మెషిన్ మీద కాంట్రాక్టర్ మనిషా, ఫిక్స్‌డ్ టర్మా: చిన్న ఫ్యాక్టరీకి ఏది మేలు?

2025 నవంబరు 21న నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి, 29 పాత చట్టాలు వాటిలో కలిసిపోయాయి. జీడిమెట్లలోనైనా విజయవాడ ఆటోనగర్‌లోనైనా చిన్న యూనిట్ నడిపేవాళ్లు ఇప్పుడు తేల్చుకోవాల్సింది ఒకటుంది: మెషిన్ల మీద కాంట్రాక్టర్ మనుషుల్నే ఉంచాలా, ఫిక్స్‌డ్ టర్మ్‌లో, అంటే ఫలానా తేదీ వరకని గడువు పెట్టి, నేరుగా మన రోల్స్ మీదకి తీసుకోవాలా? మెషిన్ పనికైతే నేను ఫిక్స్‌డ్ టర్మే మేలంటాను.

అందరి టెన్షన్ గ్రాట్యుటీ గురించే, అంటే పని మానేసేటప్పుడు సర్వీసును బట్టి ఇచ్చే మొత్తం. పర్మనెంట్ వాళ్లకు ఐదేళ్లు నిండాలి, ఫిక్స్‌డ్ టర్మ్ వాళ్లకు ఇప్పుడు ఏడాది చాలు. సరే, లెక్క వేద్దాం. నెలకు 30,000 ఇస్తూ బేసిక్ 12,000, మిగతాదంతా అలవెన్సులని చూపిస్తున్నారనుకోండి, అలవెన్సులు మొత్తంలో సగం దాటితే ఆ దాటినంతా వేతనంలో కలపాలి కాబట్టి గ్రాట్యుటీకి వేతనం 15,000 అవుతుంది. దాన్ని 26 (నెల పనిదినాలు)తో భాగించి 15 (ఏడాది సర్వీసుకు ఇచ్చే రోజుల జీతం)తో గుణిస్తే ఏడాదికి సుమారు 8,654, అంటే నెలకు 721 రూపాయలు. ఇంతే! కాంట్రాక్టర్ సర్వీస్ చార్జీ ఎంతో మీ బిల్లులోనే ఉంటుంది, దాని పక్కన పెట్టి చూడండి. పైగా ఆ బిల్లు మీద 18 శాతం జీఎస్‌టీ, ఇన్‌పుట్ క్రెడిట్‌గా (మీరు కట్టాల్సిన జీఎస్‌టీలో తగ్గింపుగా) తర్వాత వచ్చినా ముందు డబ్బు తీయాల్సింది మీరే.

"కాంట్రాక్ట్ లేబర్ నిబంధనలు ఇదివరకు 20 మందికి, ఇప్పుడు 50కి పెంచారు, మనకు వర్తించవులే" అనేవాళ్లు చాలామంది. కానీ కాంట్రాక్టర్ జీతాలు ఎగ్గొడితే చివరికి కట్టాల్సింది యూనిట్ యజమానే. కాంట్రాక్ట్ మనుషులు 50 మంది లేదా అంతకంటే ఎక్కువైతే అసలు ఉత్పత్తి పనిలో కాంట్రాక్ట్ మనుషుల్ని పెట్టడమే నిషేధం, హఠాత్తుగా ఆర్డర్లు పెరగడం లాంటి కొన్ని మినహాయింపులు తప్ప. క్యాంటీన్, సెక్యూరిటీ, క్లీనింగ్, లోడింగ్ వేరే సంగతి, అక్కడ కాంట్రాక్టర్ ఉంటే ఇబ్బంది లేదు.

పనిచేసే మనిషి వైపు నుంచి చూస్తే ఫిక్స్‌డ్ టర్మ్‌లో పర్మనెంట్ వాళ్లతో సమానంగా జీతం, పని గంటలు, సౌకర్యాలు ఇవ్వాలని చట్టమే చెబుతోంది. లోపం కూడా ఉంది. ఎన్నిసార్లు రెన్యూ చేయవచ్చో కోడ్‌లో పరిమితి పెట్టలేదు, గడువు ముగిసి ఇంటికి పంపితే రిట్రెంచ్‌మెంట్ పరిహారం (ఉద్యోగం నుంచి తీసేసినందుకు ఇచ్చేది) రాదు. దీన్ని వాడుకుని అదే మనిషిని అదే మెషిన్ మీద 11 నెలలకోసారి కాగితం మార్చి కూర్చోబెట్టడం అన్యాయం, గ్రాట్యుటీ మిగులుతుందని ఎవరు సలహా ఇచ్చినా వినకండి. గడువు ఆర్డర్‌ను బట్టి ఉండాలి, ఆ తేదీ అపాయింట్‌మెంట్ లెటర్‌లో రాసి ఇవ్వాలి.

డై సెట్టర్ (మెషిన్‌కి అచ్చులు బిగించే మనిషి), మెయింటెనెన్స్ ఫిట్టర్ లాంటి వాళ్లను మాత్రం ఈ రెండింటిలోనూ పెట్టకండి, పర్మనెంట్ చేయండి. పర్మనెంట్ చేస్తే తీయలేమనే భయం 300 మంది లోపు ఫ్యాక్టరీకి అక్కర్లేదు, మనుషుల్ని తీయడానికి ప్రభుత్వ అనుమతి కావాల్సిన హద్దు 100 నుంచి 300 మందికి పెరిగింది. ఏడాదికి పైగా పనిచేసిన మనిషిని తీయాల్సి వస్తే నెల నోటీసు, ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున పరిహారం, రీస్కిల్లింగ్ ఫండ్‌కి (తీసేసిన వాళ్లు కొత్త పని నేర్చుకోవడానికి పెట్టిన నిధి) ఇంకో 15 రోజుల జీతం. బాకీ ఉన్న జీతమంతా రెండు పనిదినాల్లో చెల్లించాలి, కాబట్టి "సెటిల్‌మెంట్ వచ్చే నెల జీతాలతో" అనే లైను మీ హెచ్‌ఆర్ పాలసీలో ఇంకా ఉంటే ఈరోజే తీసేయండి.