సలోలో రెండు రాత్రులు: ఫోన్ల ఊరు, విల్పస్ ఆట

మా బావ శ్రీపెరుంబుదూరులో గది తీసుకుని ఏడేళ్ళు నోకియా ఫ్యాక్టరీలో లైన్ మీద పనిచేశాడు. 2014 నవంబరులో ఆ ఫ్యాక్టరీ ఆగిపోయాక పెట్టె సర్దుకుని సత్యవేడు వెళ్ళిపోయాడు. ఈ ఫిబ్రవరిలో అక్కతో కలిసి ఫిన్లాండ్‌లో, ఎస్పోలో ఉన్న మా ఇంటికి వచ్చినప్పుడు, మంచు చూద్దాం, ఉత్తర కాంతులు చూద్దాం అనలేదు. "మా ఫోన్లకి పుట్టిల్లు ఏ ఊర్రా? అక్కడికి తీసుకెళ్ళు" అన్నాడు.

ఇక్కడ నోకియా పేరుతో ఒక పట్టణం ఉంది గానీ ఫోన్ల కథ నడిచింది సలో అనే ఊళ్ళో. 1979లో నోకియా, సలోకి చెందిన టీవీల కంపెనీ సలోరా కలిసి రేడియో ఫోన్ల కోసం మొబిరా సంస్థ పెట్టాయి. తర్వాత ఊరంతా ఫోన్ల మీదే బతికింది. 2012లో ఫోన్ల తయారీ ఆగింది. మిగిలిన డిజైన్, పరిశోధన విభాగాన్ని కూడా మూసేస్తున్నట్టు, అప్పటికి నోకియా ఫోన్ల వ్యాపారం కొనుక్కున్న మైక్రోసాఫ్ట్ 2015లో ప్రకటించింది. యాభై వేల పైచిలుకు జనం ఉన్న ఊరికి అది ఎంత దెబ్బో బావకి నేను చెప్పక్కర్లేదు.

నేను సలో వెళ్ళాలనుకోవడానికి మరో కారణం ఉంది. ఆ ఊరి బాస్కెట్‌బాల్ జట్టు సలోన్ విల్పస్ అంటే నాకు ఇష్టం. ఫిన్లాండ్‌లో దేశ చాంపియన్ పోటీలు 1939 నుంచి జరుగుతున్నాయి. విల్పస్ ఎన్నో ఏళ్ళు పెద్ద లీగులో ఆడినా కప్పు మాత్రం చేతికి రాలేదు. 2015లోనూ 2017లోనూ యోఎన్సూ ఊరి జట్టు కతాయ గెలిచింది, మధ్యలో 2016 కప్పు కౌవొత్ అనే జట్టుకి పోయింది. 2018, 2019 రెండేళ్ళూ కౌహాయొకి అనే చిన్న ఊరి జట్టు కర్హు పట్టుకుపోయింది. 2020లో కోవిడ్ వల్ల సీజన్ మధ్యలోనే ఆగిపోయి చాంపియనే లేడు. ఆ మరుసటి వసంతంలో, 2021లో, విల్పస్ మొట్టమొదటిసారి కప్పు ఎత్తింది. ఫ్యాక్టరీ పోయిన ఊరికి తొమ్మిదేళ్ళ తర్వాత వచ్చిన కప్పు అది. ఈ సంగతి చెప్తే బావ కాసేపు మాట్లాడలేదు.

ఇక ప్రయాణం. హెల్సింకీలోని పసిల స్టేషన్లో తుర్కు నగరం వెళ్ళే రైలెక్కితే గంటన్నరలో సలో. కర్యా స్టేషన్ దాటాక వరసగా సొరంగాలొస్తాయి, కిటికీ పక్క సీటు తీసుకుంటే బాగుంటుంది. టికెట్ వారం ముందే తీసుకున్నాం, చౌకగా వచ్చింది. ఆఖరి రోజు తీసుకుంటే రేటు బాగా పెరుగుతుంది. రైలు శుభ్రంగా ఉంది, సమయానికి దింపింది. సేవల విషయంలో ఈ యాత్ర మొత్తంలో మొదటి మార్కు రైలుకే.

స్టేషన్ దగ్గరే పాత రైలింజన్ల షెడ్డులో వెతురితల్లి అనే ఆర్ట్ మ్యూజియం ఉంది. ఇటుక గోడలు బాగున్నాయి, అక్కకి నచ్చింది. మేం ఎక్కువసేపు గడిపింది ఊరి ఎలక్ట్రానిక్స్ ప్రదర్శనలో. అక్కడ 1987 నాటి మొబిరా సిటీమన్ ఉంది. ఇటుకంత ఫోను, బరువు సుమారు 800 గ్రాములు. సోవియట్ నేత గోర్బచేవ్ దాంతో మాట్లాడాక ఫిన్లాండ్ జనం దానికి 'గోర్బా' అని ముద్దుపేరు పెట్టుకున్నారు. బావ దాన్ని చూసి ఊరుకోలేదు. పక్కనున్న చిన్న కీప్యాడ్ ఫోన్ల ముందు వంగి, అద్దం మీద వేలుపెట్టి, "ఈ మూత బిగించాక ఇక్కడ నొక్కి చూడాలి, చప్పుడొస్తే రిజెక్ట్" అని అక్కకి చెప్తున్నాడు. పదేళ్ళు దాటినా బొటనవేలు సరిగ్గా ఆ చోటుకే వెళ్ళింది. ఈ ఒక్కదాని కోసమైనా సలో రావచ్చు. కాకపోతే చలికాలంలో తెరిచే రోజులూ వేళలూ తక్కువ, ముందే చూసుకుని బయల్దేరండి.

సాయంత్రం ఆట. విల్పస్ సొంత హాలు పేరు సలోహల్లి. కన్నడ హళ్ళికీ దీనికీ సంబంధం లేదు, ఫిన్నిష్‌లో హల్లి అంటే హాలు. హెల్సింకీలో పెద్ద అరీనాలు చూసినవాళ్ళకి ఇది చిన్నదనిపిస్తుంది. నాకు నచ్చిందే అది. మూడో వరసలో కూర్చుంటే బూట్ల కీచుమనే శబ్దం, కోచ్ కేకలు, బంతి రింగుకి తగిలిన 'ఠంగ్' అన్నీ వినిపిస్తాయి. డప్పులు కొట్టే గుంపు ఒక మూల. గుమ్మం దగ్గర పదేళ్ళ పిల్లలు జట్టు చొక్కాలేసుకుని లాటరీ చీట్లు అమ్ముతున్నారు. క్యాంటీన్ నడిపేది ఆ పిల్లల తల్లిదండ్రులే, జీతం లేకుండా. ఊరంతా చేయివేసి చేసే ఇలాంటి పనిని వీళ్ళు 'తల్కోత్' అంటారు. మన ఊళ్ళో శ్రీరామనవమి పందిరికి తలా ఒక చేయి వేసినట్టే.

ఆ రోజు శనివారం. బావ శనివారాలు నీచు ముట్టడు, కాబట్టి సాసేజ్ కుదర్లేదు. కాఫీ, యాలకుల బన్ను, రై పిండి రొట్టెలో పాలల్లో ఉడికిన అన్నం పెట్టి కాల్చిన కరేలియన్ పై దొరికాయి. "ఇది అన్నమేరా!" అని రెండోది కూడా తిన్నాడు.

ఆట చివరి క్వార్టర్ దాకా నువ్వా నేనా అన్నట్టు సాగింది. విల్పస్ కుర్రాడు ఫ్రీ త్రోకి నిలబడితే హాలంతా ఊపిరి బిగబట్టింది. మొదటిది పడింది, రెండోది రింగు మీద తిరిగి బయటికొచ్చింది. ఓడిపోయాం. అయినా ఎవరూ లేవలేదు, ఆటగాళ్ళు వచ్చి కృతజ్ఞత చెప్పేదాకా నిలబడి చప్పట్లు కొట్టారు. పక్క సీటు పెద్దాయన మాతో తేము రన్నిక్కో గురించి చెప్పారు. ఫిన్లాండ్ జట్టు పాయింట్ గార్డు, యూరప్‌లో పలు దేశాల లీగుల్లో ఆడినవాడు, చివరి ఏళ్ళలో ఈ హాల్లో ఆడాడు. ఆ పెద్దాయన ఏం పనిచేసేవారని బావ నాచేత అడిగించాడు. ఫోన్ ఫ్యాక్టరీలోనట. ఇద్దరూ చేతులు కలిపారు. మధ్యలో నేను అనువదించాల్సింది పెద్దగా లేకపోయింది.

హోటల్ సంగతి చెప్పాలి. ఊరి మధ్యలోనే తీసుకున్నాం, గది వెచ్చగా, శుభ్రంగా ఉంది, పొద్దున గంజి, రొట్టె, బెర్రీలతో ఫలహారం బాగుంది. కానీ రాత్రి రిసెప్షన్‌లో మనిషి ఉండడు, తలుపుకి కోడ్ పంపిస్తారు. ఆట ముగించుకుని వచ్చేసరికి ఆ కోడ్ రాలేదు. మైనస్ పదిలో అక్కని ఇరవై నిమిషాలు నిలబెట్టాల్సి వచ్చింది. ఫోన్ ఎత్తినాయన మర్యాదగానే మాట్లాడారు, కానీ అక్క చేతులు చాలాసేపటిదాకా చల్లగానే ఉన్నాయి. పగలే కోడ్ రాయించుకోండి, పెద్దవాళ్ళతో వెళ్తే ఇది తప్పనిసరి.

రెండో రాత్రి మథిల్దెదాల్. సలో మునిసిపాలిటీలోనే ఉన్న పాత ఇనుప కార్ఖానా పల్లె, పక్కనే తెయ్యో జాతీయ ఉద్యానవనం, బొచ్చు ఒంటెల్లాంటి అల్పాకాలు కూడా ఉన్నాయి. అందంగా ఉంది, కాదనను. కానీ ఆదివారం బస్సు కుదరక టాక్సీకి గది అద్దెలో సగం పోసాం. కారు ఉంటే వెళ్ళండి, లేకపోతే వేసవికి దాచుకోండి.

తుర్కులో బస పెట్టి ఆటకి సలో వచ్చిపోవచ్చు కదా అని అడిగారు కొందరు. అరగంట రైలే, అక్కడ కోట, నది, హోటళ్ళు అన్నీ ఎక్కువే. కానీ రైలు కోసం చివరి క్వార్టర్లో లేచిపోవాల్సి వస్తే ఆ పెద్దాయన మాకు కలిసేవారే కాదు. ఆట కోసం వెళ్తే సలోలోనే ఉండండి.

తిరుగు రైల్లో సొరంగాలు మొదలయ్యాయి. వెలుగు, చీకటి, వెలుగు. బావ జేబులోంచి తగలని లాటరీ చీటీ తీసి చూసి మళ్ళీ పెట్టుకున్నాడు. "ఫైనల్స్ ఎప్పుడురా?" అన్నాడు. కప్పు తేల్చే ప్లేఆఫ్‌లు ఏప్రిల్, మే నెలల్లో అన్నాను. వాళ్ళ తిరుగు టికెట్ మార్చి నెలాఖరుకి ఉంది. దాన్ని ఆ తర్వాతి తేదీకి మార్చుకోడానికి ఎంతవుతుందో చూడమన్నాడు.