పది వేసవులు చదివిన ప్రకటనలు: టెక్సస్‌లో మా స్కూల్ డిస్ట్రిక్ట్ వేసవి సమాచారంపై సమీక్ష

డాలస్ నగరానికి ఉత్తరాన ఉన్న మా స్కూల్ డిస్ట్రిక్ట్, వేసవి సెలవుల్లో కుటుంబాలకు పంపే వార్తలను, ప్రకటనలను నేను పది వేసవుల పాటు క్రమం తప్పకుండా చదివాను. మా అమ్మాయి 2016లో కిండర్‌గార్టెన్‌లో చేరింది, 2025 ఆగస్టులో తొమ్మిదో తరగతిలో అడుగుపెట్టింది. మా అబ్బాయి 2020లో చేరాడు. ఈ పది వేసవుల్లో నాలుగింటిని మేము విజయవాడలో మా అమ్మగారింట్లో గడిపాము కాబట్టి, ఈ ప్రకటనలను ఇంట్లో కూర్చుని చదవడం ఎలా ఉంటుందో, అంత దూరం నుంచి చదవడం ఎలా ఉంటుందో రెండూ అనుభవంతో చెప్పగలను. వీటిలోని సమాచారం నమ్మదగినది. కానీ వేసవంతా ఇంటి దగ్గరే ఉండి ఇంగ్లీషు తడుముకోకుండా చదవగలిగే కుటుంబాన్ని మనసులో పెట్టుకుని వీటిని రాస్తారు. రెండు నెలలు స్వదేశానికి వెళ్ళివచ్చే కుటుంబం జూలైలో రాబోయే ఉత్తరంలోని పనులను మే నెలలోనే ఊహించి చేసుకోవలసి వస్తుంది. నా ఫిర్యాదు అంతా ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది.

కొత్తగా వచ్చినవారి కోసం ఒక మాట. ఇక్కడ డిస్ట్రిక్ట్ అంటే మన కలెక్టరు ఉండే జిల్లా కాదు. టెక్సస్‌లో ప్రభుత్వ బడులను నడిపే స్వతంత్ర సంస్థ అది; దానికి ఎన్నికైన బోర్డు ఉంటుంది, మనం కట్టే ఇంటి పన్నులో పెద్ద భాగం దానికే వెళుతుంది. అందువల్ల పొరుగున ఉన్న రెండు ఊళ్ళకు రెండు క్యాలెండర్లు, రెండు రకాల గడువులు ఉండవచ్చు. బడులు ఆగస్టు నాలుగో సోమవారానికి ముందు తెరవకూడదని రాష్ట్ర చట్టం చెబుతున్నా, 2015లో వచ్చిన మరో చట్టం ప్రకారం మినహాయింపు పొందిన డిస్ట్రిక్టులు ఆగస్టు రెండో వారంలోనే తరగతులు మొదలుపెడుతున్నాయి. మాదీ అలాంటిదే. పొరుగు ఊళ్ళోని స్నేహితురాలి మాట విని టికెట్లు కొంటే మొదటి వారం బడి పోగొట్టుకునే ప్రమాదం ఉంది. క్యాలెండరు మాత్రం చాలా నెలల ముందే ప్రకటిస్తారు, ఆ విషయంలో డిస్ట్రిక్టును తప్పుపట్టడానికి ఏమీ లేదు.

వేసవి ప్రకటనల్లో అన్నిటికన్నా ముఖ్యమైనది వార్షిక రిజిస్ట్రేషన్. చదువుతున్న పిల్లలకు కూడా ప్రతి ఏటా తల్లిదండ్రులు పోర్టల్‌లోకి వెళ్ళి చిరునామా, అత్యవసర ఫోన్ నంబర్లు, ఆరోగ్య వివరాలు సరిచూసి, నివాస రుజువుగా ఇటీవలి కరెంటు బిల్లో నీటి బిల్లో జతచేయాలి. మా డిస్ట్రిక్టులో ఈ పని పూర్తయితే గాని పిల్లల టీచరు ఎవరో, తరగతుల పట్టిక ఏమిటో కనిపించదు. ఈ సూచనలతో వివరమైన ఉత్తరం జూలైలో వస్తుంది. ఇక్కడ సాయంత్రం ఐదు గంటలకు పంపిన సందేశం విజయవాడలో తెల్లవారుజామున మూడున్నరకు ఫోనులో మోగుతుంది. దానికి నాకు అభ్యంతరం లేదు. అసలు చిక్కు పోర్టల్ తెరవడంలో ఉంది: లోపలికి వెళ్ళడానికి వచ్చే కోడ్ అమెరికా ఫోన్ నంబరుకు వెళుతుంది, ఆ సిమ్ భారతదేశంలో పనిచేయదు. 2018లో మేము ఇరవై రోజులు ఈ కారణంగానే పని ముగించలేకపోయాము. చివరికి బడి ఆఫీసు తెరిచే వేళకు, అంటే మాకు సాయంత్రం దాటాక, వరుసగా ఫోన్ చేస్తే ఒక సిబ్బంది ఓపికగా విని కోడ్ ఈమెయిల్‌కు వచ్చేలా మార్చారు. ఆమె చేసిన సాయం నేను మరువలేదు. అయితే ఆ మార్పు తల్లిదండ్రులు స్వయంగా ముందే చేసుకోవచ్చన్న సంగతి ఏ ప్రకటనలోనూ ఒక్క వాక్యంగానైనా ఉండి ఉంటే ఆ ఇరవై రోజుల ఆందోళన ఉండేది కాదు.

నివాస రుజువు గురించి కూడా చెప్పాలి. మన కుటుంబాల్లో చాలామంది ఇండియా వెళ్ళే రెండు నెలలకు అద్దె దండుగని అపార్ట్‌మెంటు ఖాళీ చేసి, సామాను ఒక గోదాములో పెట్టి వెళతారు. తిరిగి వచ్చాక కొత్త అపార్ట్‌మెంటు తీసుకుంటారు. అది రెండు వీధుల అవతల ఉన్నా వేరే బడి పరిధిలోకి వెళ్ళవచ్చు. బిల్లు లేకపోతే ఏ పత్రం చెల్లుతుంది, బంధువుల ఇంట్లో తాత్కాలికంగా ఉంటే ఏమి చేయాలి అన్న ప్రశ్నలకు జవాబులు డిస్ట్రిక్ట్ వెబ్‌సైటులో ఉన్నాయి, కానీ వేసవి ఉత్తరంలో ఉండవు. మా పిన్ని కూతురు 2022లో ఇలాగే ఆగస్టు మొదటి వారమంతా ఆఫీసు చుట్టూ తిరిగింది. అసలు పత్రం లేక కాదు, ఏ పత్రం తేవాలో ఎవరూ ముందుగా చెప్పక.

టీకాల ప్రకటన గురించి నాకు మిశ్రమ అభిప్రాయం ఉంది. టెక్సస్‌లో ఏడో తరగతిలోకి వెళ్ళే పిల్లలకు ధనుర్వాతం, కంఠసర్పి, కోరింత దగ్గులకు కలిపి ఇచ్చే బూస్టరు, మెదడు పొరల వాపును (మెనింజైటిస్) అడ్డుకునే మెనింగోకాకల్ టీకా తప్పనిసరి. మా అమ్మాయి ఏడో తరగతికి వెళ్ళిన 2023లో ఈ విషయాన్ని డిస్ట్రిక్ట్ ఫిబ్రవరి నుంచే గుర్తుచేసింది. మే చివరి ఉత్తరంలో టీకా వేయించుకోనివారికి మొదటి రోజు తరగతిలో ప్రవేశం ఉండదని స్పష్టంగా రాసింది, ఉచిత టీకా శిబిరాల తేదీలు కూడా ఇచ్చింది. 2025 ప్రారంభంలో పశ్చిమ టెక్సస్‌లోని గెయిన్స్ కౌంటీ నుంచి తట్టు వ్యాపించి రాష్ట్రంలో 762 మందికి సోకింది, ఇద్దరు పిల్లలు చనిపోయారు. ఆ వేసవిలో వచ్చిన ఉత్తరం భయపెట్టకుండా, విషయాన్ని దాచకుండా, రెండు డోసుల టీకా ఎందుకు అవసరమో నాలుగు వాక్యాల్లో చెప్పింది. పదేళ్ళలో నేను చదివిన ప్రకటనల్లో అత్యుత్తమమైనది అదే.

కానీ ఇండియాలో వేయించిన టీకాల రికార్డుల గురించి ఈ ఉత్తరాలు ఇప్పటికీ మౌనంగానే ఉన్నాయి. మనం తేదీని రోజు, నెల, సంవత్సరం వరుసలో రాస్తాము. ఇక్కడ నెల ముందు వస్తుంది. మా అమ్మాయి 2011 మార్చిలో పుట్టింది. 2012 ఏప్రిల్ 2న విజయవాడలో వేయించిన తట్టు, గవదబిళ్ళల టీకాను డాక్టరుగారు పుస్తకంలో 02/04/2012 అని రాశారు. 2016లో కిండర్‌గార్టెన్ రిజిస్ట్రేషన్‌లో దాన్ని ఫిబ్రవరి 4గా చదివారు. మొదటి డోసు మొదటి పుట్టినరోజున గాని ఆ తర్వాత గాని వేసి ఉండాలన్నది టెక్సస్ నియమం కాబట్టి, ఏడాది నిండకముందే వేసిన టీకా చెల్లదంటూ దాన్ని పక్కన పెట్టారు. మళ్ళీ వేయించమన్నారు. పుస్తకంలోని మిగతా పేజీలలో 25/06 అన్న తేదీని చూపించి, ఇరవై అయిదో నెల ఉండదు గదా అని వివరించిన తర్వాత అంగీకరించారు. అప్పటి నుంచి మా ఊళ్ళోని తెలుగు తల్లులందరికీ నేను చెప్పే మొదటి మాట ఇదే: రికార్డును తెచ్చుకునేటప్పుడే నెల పేరును అక్షరాల్లో రాయించుకుని డాక్టరు ముద్ర వేయించుకోండి. ఇది డిస్ట్రిక్ట్ తన ప్రకటనలో ఒక వాక్యంగా చేర్చవలసిన సంగతి. ఆ వాక్యం ఉంటే ఒక పసిబిడ్డకు అనవసరంగా ఇంకో సూది గుచ్చవలసిన అవసరం రాదు.

భోజనాల సమాచారంలో డిస్ట్రిక్టును మెచ్చుకోవాలి. కోవిడ్ కాలంలో కేంద్రం ఇచ్చిన సడలింపుల వల్ల బడి భోజనం అందరికీ ఉచితంగా దొరికేది. ఆ సడలింపులు 2022 జూన్ 30తో ముగిశాయి. ఇకపై ఉచిత లేదా తగ్గింపు ధర భోజనం కావాలంటే ప్రతి కుటుంబం మళ్ళీ దరఖాస్తు చేయాలని, లేకపోతే పిల్లల ఖాతాలో బాకీ పేరుకుపోతుందని ఆ వేసవి ఉత్తరం మొదటి వరుసలోనే చెప్పింది. వేసవి భోజన కేంద్రాలలో 18 ఏళ్ళలోపు పిల్లలెవరైనా ఏ పత్రమూ చూపకుండా ఉచితంగా తినవచ్చన్న విషయాన్ని కూడా ఏటా రాస్తారు. మన వారిలో కొందరు గ్రీన్ కార్డుకు అడ్డవుతుందన్న భయంతో ఆ వరుసను దాటేస్తారు. ప్రభుత్వ సాయం తీసుకునేవారికి గ్రీన్ కార్డు ఇవ్వాలా వద్దా అన్నదానిపై వచ్చిన, ఎంతో కఠినమైనదని పేరుపడిన 2019 నియమంలో కూడా బడి భోజనాలను లెక్కలోకి తీసుకోలేదు. ఒక్క జీతంతో నడిచే ఇళ్ళు, ఉద్యోగం పోయి వీసా గడువు లెక్కపెట్టుకునే ఇళ్ళు మన మధ్య కూడా ఉన్నాయి. ఆ వరుస వారి కోసమే.

2020 వేసవిలో పిల్లలను బడికి పంపాలా, ఇంటి నుంచి ఆన్‌లైన్‌లో చదివించాలా అన్న నిర్ణయాన్ని తల్లిదండ్రులు గడువులోగా తెలియజేయాలన్నారు. మా అబ్బాయికి అది మొదటి సంవత్సరం. నిబంధనలు వారానికోసారి మారిన ఆ రోజుల్లో, ప్రతి కొత్త ఉత్తరం పైభాగంలో కిందటి ఉత్తరానికీ దీనికీ తేడా ఏమిటో రెండు వరుసల్లో రాసేవారు. ఆ పద్ధతి తర్వాతి ఏళ్ళలో ఎందుకు వదిలేశారో నాకు అర్థం కాలేదు. 2025 జూన్‌లో రాష్ట్రంలో సెల్‌ఫోన్ల నిషేధ చట్టం వచ్చి, బడి వేళల్లో ఫోన్లు, స్మార్ట్ వాచీలు వాడకూడదని నియమం పెట్టినప్పుడు మాత్రం మళ్ళీ అదే శ్రద్ధ కనిపించింది: పిల్లవాడికి అత్యవసరంగా కబురు చేయాలంటే ఎవరికి ఫోన్ చేయాలి, వైద్య అవసరం కోసం ఫోన్ ఉండవలసిన పిల్లలు ఏ పత్రం ఇవ్వాలి అన్నవి ముందుగానే చెప్పారు.

తరగతి దాటించే పరీక్షల విషయంలో ఉత్తరాలు బలహీనంగా ఉన్నాయి. టెక్సస్‌లో ఒక సబ్జెక్టును తరగతిలో చదవకుండానే పరీక్ష రాసి 80 శాతం తెచ్చుకుంటే ఆ సబ్జెక్టు పూర్తయినట్టు లెక్కిస్తారు. మన పిల్లలు లెక్కల్లో దీన్ని ఎక్కువగా రాస్తారు. పరీక్ష వేసవిలో జరుగుతుంది గాని, పేరు నమోదు గడువు మా డిస్ట్రిక్టులో వసంతంలోనే ముగుస్తుంది. వేసవి ఉత్తరం పరీక్ష తేదీలను మాత్రమే చెబుతుంది, అప్పటికి నమోదు తలుపు మూసుకుపోయి ఉంటుంది. తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఉన్నవారికి తెలుస్తుంది, లేనివారికి తెలియదు. పిల్లలను అంత తొందరగా ముందుకు తోయడం మంచిదా అన్న సందేహం నాకు ఉంది, అయినా సమాచారం కొందరికే అందడం సరికాదు.

ఇక తెలుగు. మా బడుల్లో తెలుగు పిల్లలు చాలామంది ఉండటం వల్ల, కొన్నేళ్ళుగా ఉత్తరం కింద తెలుగు ఎంచుకునే సదుపాయం వచ్చింది. దాన్ని చూసిన రోజున నాకు కలిగిన సంతోషం తక్కువది కాదు. 1974లో శాన్ ఫ్రాన్సిస్కోలోని చైనీయుల పిల్లల కేసులో, అర్థం కాని భాషలో బోధించి ఊరుకోవడం సమాన అవకాశం కాదని సుప్రీంకోర్టు చెప్పినప్పటి నుంచి నడిచివచ్చిన దారిలో మన లిపి కూడా కనిపించింది. అయితే ఆ అనువాదం యంత్రం చేసేది. వేసవి తర్వాతి సెమిస్టరును ఇక్కడ 'ఫాల్' అంటారు; అది తెలుగులో 'పతనం' అయింది. ఆరో తరగతికి వెళ్ళబోయే పిల్లలు 'పెరుగుతున్న ఆరవ తరగతివారు' అయ్యారు. ఇవి చదివినవారు ఎలాగో అర్థం చేసుకోగలరు. 'జూలై 31లోగా' అనవలసిన చోట 'జూలై 31 తర్వాత కాదు' అని వచ్చినప్పుడు మాత్రం మా అత్తగారు, ఆ పని ఆ రోజు వరకు ఆగి చేయాలేమో అనుకున్నారు. పిల్లల్ని చూసుకోవడానికి ఆరు నెలలు వచ్చి ఉండే అమ్మమ్మలు, నాయనమ్మలు, ఇంగ్లీషు అంతగా రాని కొత్త తల్లులు ఈ తెలుగు పాఠాన్ని నమ్మి చదువుతారు. కనీసం గడువులు, టీకాలు, భోజనాలు ఉన్న ఒక్క పేజీనైనా తెలుగు వచ్చిన మనిషి చూసి సరిదిద్దాలి. డిస్ట్రిక్టులో ఆ పని చేయగల తెలుగు ఉద్యోగులు, స్వచ్ఛందంగా ముందుకు వచ్చే తల్లిదండ్రులు ఉన్నారు. నేనూ సిద్ధంగా ఉన్నాను.

గ్రంథాలయాల వేసవి పఠన కార్యక్రమం, ఈత తరగతులు, శిబిరాల ప్రకటనలు వేరుగా వస్తాయి. వాటితో ఇబ్బంది లేదు. ఆగస్టు మొదట్లో వంద డాలర్లలోపు బట్టలు, చెప్పులు, బ్యాగుల మీద అమ్మకపు పన్ను ఉండని మూడు రోజులను గుర్తుచేసే సందేశం ఇద్దరు పిల్లలున్న ఇంటికి నిజంగా పనికొస్తుంది, సామాన్ల జాబితా అప్పటికే సిద్ధంగా ఉంటుంది గనుక.

మొత్తం మీద ఐదింటికి మూడున్నర ఇస్తాను. ఇండియా వెళ్ళే కుటుంబాలు మే చివరి వారంలో పోర్టల్ కోడ్‌ను ఈమెయిల్‌కు మార్చుకుని, తాజా కరెంటు బిల్లును ఫోనులో భద్రపరచుకుని, తిరుగు టికెట్ తేదీని బడి మొదలయ్యే తేదీతో సరిచూసుకోవాలి. 90 శాతం హాజరు లేకపోతే తరగతి పూర్తయినట్టు లెక్కించని నియమం ఇక్కడ ఉంది, ఇండియా నుంచి ఆలస్యంగా తిరిగివచ్చి పోగొట్టుకున్న ప్రతి రోజూ ఆ హాజరు లెక్కలోంచే పోతుంది. జూలై ఉత్తరంలోని పనుల పట్టికను మే ఉత్తరంలోనే ఒక పేజీగా చేర్చమని నేను 2024లోనూ, 2025లోనూ డిస్ట్రిక్టుకు రాశాను. రెండోసారి జవాబు వచ్చింది: పట్టికను ముందుగా ఇవ్వడం గురించి ఆలోచిస్తామన్నారు, తెలుగు పాఠం గురించి ఏమీ చెప్పలేదు. విజయవాడ టీకా పుస్తకం పేజీ నకలును జతచేసి మూడోసారి రాస్తున్నాను.