చిన్న డిజైనర్ స్టూడియోనా, ఎక్స్‌పోర్ట్ ఫ్యాక్టరీనా: డిగ్రీ అయ్యాక ఇంటర్న్‌షిప్‌కి ఏది మేలు?

ఫ్యాషన్ డిజైన్ డిగ్రీ పూర్తిచేసిన వాళ్లకి మన దగ్గర ప్రధానంగా రెండు దారులు. ఒకటి హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉండే చిన్న స్టూడియో: ఒక డిజైనర్, ఒక కటింగ్ మాస్టర్, నలుగురైదుగురు టైలర్లు, ఎంబ్రాయిడరీకి బట్ట బిగించే రెండు మూడు మగ్గాలు. రెండోది అచ్యుతాపురం, బెంగళూరు, తిరుప్పూర్ వైపు ఎక్స్‌పోర్ట్ ఫ్యాక్టరీ: శాంప్లింగ్, మర్చండైజింగ్ (బయ్యర్‌తో మాట్లాడి ఆర్డర్ నడిపించడం), క్వాలిటీ విభాగాలు. పోచంపల్లి, మంగళగిరి లాంటి చోట్ల చేనేత వాళ్ల దగ్గర చేరడం మూడో దారి. అది బట్ట తయారీ చదువు. దుస్తుల తయారీ నేర్చుకోవాలంటే చాలదు కాబట్టి ఇక్కడ దాని జోలికి వెళ్లడం లేదు.

మా మాట ముందే చెప్పేస్తాం. ఎప్పటికైనా సొంత లేబుల్ పెట్టాలనుకునేవాళ్లకి స్టూడియోనే మేలు, కానీ ఒక షరతు. కటింగ్ టేబుల్, మాస్టర్, మిషన్లు అదే కప్పు కింద ఉండాలి. స్కెచ్‌లు, షోరూమ్ ఇక్కడ, కుట్టుపని మొత్తం బయట జాబ్‌వర్క్ అయితే ఆ స్టూడియోలో ఆరు నెలలున్నా మీరు నేర్చుకునేది ఫోన్‌లో ఫాలోఅప్ చేయడమే. అలాంటి చోటు కంటే ఫ్యాక్టరీ వెయ్యి రెట్లు నయం.

స్టూడియోలో ఏం దొరుకుతుందో తెలియాలంటే ఒక్క మగ్గం వర్క్ బ్లౌజ్‌ని మొదటి నుంచి చివరిదాకా గమనించాలి. బట్టని ముందు కత్తిరించరు. రా సిల్క్‌ని మగ్గానికి బిగించి, దానిమీద బ్లౌజ్ ఆకారం గీస్తారు. డిజైన్‌ని ట్రేసింగ్ పేపర్ మీద వేసి, గీత వెంబడి సూదితో చిల్లులు పొడిచి, కిరోసిన్‌లో కలిపిన పొడిని పైన రుద్దితే గుర్తులు బట్ట మీద పడతాయి. వర్క్ పూర్తయ్యి మగ్గం నుంచి విప్పాక, దారాల బిగువుకి బట్ట కాస్త లోపలికి లాగేసి ఉంటుంది. అందుకే పక్కల రెండంగుళాలు ఎక్కువ వదిలి, వర్క్ అయ్యాక ప్యాటర్న్ మళ్లీ పెట్టి అప్పుడు కట్ చేస్తారు.

కాలేజీ నుంచి వచ్చినవాళ్లు ఇక్కడే తప్పులో కాలేస్తారు. మెడ బోర్డర్‌ని కట్ చేసే అంచు దగ్గర గీస్తారు, పైపింగ్ వేసేసరికి సగం బోర్డర్ లోపలికి పోతుంది. కుట్టు గీత నుంచే కొలిచి గీయాలి. ముందు మెడ, వెనక మెడ డిజైన్లు విడివిడిగా గీస్తే భుజం కుట్టు దగ్గర బోర్డర్ కలవదు. రెండు కాగితాలనీ భుజం గీత మీద ఆనించి చూశాకే చిల్లులు పొడవాలి. భుజం కుట్టుకి అటూ ఇటూ అరంగుళం మేర పూసలు కుట్టకుండా వదిలి, కుట్టయ్యాక చేత్తో పూరించాలి. లేదంటే మిషన్ సూది విరుగుతుంది. కాటన్ లైనింగ్‌ని నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేశాకే కత్తిరించాలి. ఆ పని ఎగ్గొడితే మొదటి ఉతుకుకే లైనింగ్ కుంచించుకుని పై బట్ట ముడతలు పడుతుంది.

ట్రయల్ రోజున ఈ తప్పులన్నీ కస్టమర్ ఒంటి మీదే బయటపడతాయి. చంక కింద పట్టేస్తోందా, డార్ట్ (ఒంటి వంపుకి తగ్గట్టు బట్టని మడిచి కుట్టే చోటు) మొన ఎక్కడికొచ్చింది, భుజం జారుతోందా అన్నవి అద్దం ముందు నిలబడి చూడగలగడం ఫ్యాక్టరీలో దొరకని చదువు. మార్జిన్ల తేడా కూడా అక్కడే అర్థమవుతుంది. బ్లౌజ్ పక్కల్లో అంగుళం, అంగుళంన్నర లోపల వదులుతారు, రేపు లూజు చేయాల్సొస్తుంది కాబట్టి. ఎక్స్‌పోర్ట్ షర్ట్‌కి సెంటీమీటరే గతి. దాన్ని విప్పి లూజు చేసేవాళ్లు ఉండరు, పైగా వేల పీసుల మీద ఆ అంగుళం బట్ట ఖర్చు మామూలుగా ఉండదు.

ఫ్యాక్టరీ నేర్పేది కొలతకి కట్టుబడటం. టెక్ ప్యాక్‌లో, అంటే దుస్తు వివరాలన్నీ రాసిన పత్రంలో, ప్రతి కొలతకీ ఎంత తేడా ఒప్పుకుంటారో రాసి ఉంటుంది, అది దాటితే పీసు తిరిగొస్తుంది. ఫిట్ శాంపిల్, అన్ని సైజుల్లో కుట్టిన సైజ్ సెట్, ప్రీ ప్రొడక్షన్ శాంపిల్ ఒక్కొక్కటీ బయ్యర్ ఓకే చేశాకే బల్క్ కటింగ్. బట్ట బరువు చూడాలంటే గుండ్రటి కట్టర్‌తో 100 చదరపు సెంటీమీటర్ల ముక్క తీసి తూస్తారు. 1.8 గ్రాములు తూగితే 180 జీఎస్‌ఎం, అంటే చదరపు మీటరుకి 180 గ్రాములు. వెయ్యి పీసుల లాట్‌ని ఏక్యూఎల్ (ఎన్ని లోపాల వరకు ఒప్పుకోవచ్చో చెప్పే ప్రమాణం) 2.5 కింద మామూలు తనిఖీ స్థాయిలో చూస్తే 80 పీసులు తీస్తారు. లోపాలున్నవి 5 వరకు పాస్, 6 అయితే లాట్ మొత్తం ఫెయిల్. ఇవేవీ తెలియకుండా సొంత లేబుల్ పెట్టినవాళ్లు మొదటి 50 కుర్తాల ఆర్డర్‌కే ఇరుక్కుంటారు. మీడియం సైజు బాగా కుదిరి, ఎక్స్‌ఎల్‌లో భుజం కిందికి జారిపోతే అది గ్రేడింగ్, అంటే ఒక సైజు ప్యాటర్న్‌ని మిగతా సైజులకి పెంచడం, తగ్గించడం రాకపోవడమే.

రంగు మ్యాచింగ్ విషయంలో రెండు చోట్లా తంటా ఒకటే. స్టూడియోలో మిమ్మల్ని జనరల్ బజార్‌కి లైనింగ్ తెమ్మని పంపుతారు. కొట్లో ట్యూబ్‌లైట్ కింద అచ్చంగా కలిసిన రంగు బయట ఎండలో వేరైపోతుంది. ముక్క తీసుకుని గుమ్మం దాటి పగటి వెలుతురులో చూశాకే డబ్బు కట్టాలి. ఫ్యాక్టరీలో ఇదే పనికి లైట్ బాక్స్ ఉంటుంది. ల్యాబ్ డిప్‌ని (రంగు ఓకే చేయడానికి ముందుగా అద్దిన చిన్న బట్ట ముక్కని) పగటి వెలుగు డి65 కింద, షోరూమ్ వెలుగు టీఎల్84 కింద మార్చి మార్చి చూస్తారు.

డబ్బు సంగతికొస్తే ఫ్యాక్టరీదే పైచేయి. 30 మందీ అంతకు మించి పనిచేసే సంస్థలు అప్రెంటిస్‌లను తీసుకోవడం చట్టప్రకారం తప్పనిసరి. 2019 సవరణలో పట్టభద్రులకి కనీస స్టైపెండ్ నెలకి 9,000 రూపాయలు చేశారు. చిన్న స్టూడియో సాధారణంగా ఈ లెక్కలోకి రాదు. చాలాచోట్ల ఇచ్చేది బస్సు ఛార్జీలకీ భోజనానికీ సరిపోతే గొప్ప. ఇంట్లో నుంచి వెళ్లొచ్చే వీలు లేనివాళ్లు, ఊరొదిలి హాస్టల్లో ఉండాల్సినవాళ్లు మొహమాటపడకుండా ఫ్యాక్టరీ వైపే చూడటం మంచిది.

స్టూడియోకే వెళ్లదలిస్తే ఆషాఢంలో చేరండి. ముహూర్తాలుండవు, మాస్టర్‌కి తీరిక ఉంటుంది, కొత్త శాంపిల్స్ కూడా అప్పుడే కుడతారు. శ్రావణంలో అడుగుపెడితే వరలక్ష్మీ వ్రతాల బ్లౌజులూ పెళ్లి ఆర్డర్లూ కలిసి మీద పడతాయి. హుక్కులు కుట్టడం, డెలివరీకి పరుగెత్తడం తప్ప మీకు ఇంకేమీ అంటదు.

మాస్టర్ల దగ్గర చాలావరకు కాగితం ప్యాటర్న్ ఉండదు. ఛాతీ కొలత చూసి నేరుగా బట్ట మీదే సుద్దతో గీసేస్తారు. అడిగితే చెప్పరు కూడా, అది వాళ్ల బతుకుతెరువు. “మాస్టర్ గారూ, మీరు గీసింది కాగితం మీదికి దించి సైజుల వారీగా పెడతాను, రేపు మీకే పని తగ్గుతుంది” అంటే చాలామంది ఒప్పుకుంటారు. ఫైలు వాళ్ల దగ్గరే ఉంటుంది, డ్రాఫ్టింగ్ మీ చేతికొస్తుంది. మీ నోట్స్‌లో కస్టమర్ పేరు, కొలతలు మాత్రం రాసుకోవద్దు.

చేరేముందు డిజైనర్‌తో నాలుగు మాటలు రాతపూర్వకంగా తేల్చుకోవాలి. వారంలో ఎన్ని రోజులు కటింగ్ టేబుల్ దగ్గర, ఎన్ని రోజులు సోషల్ మీడియా రీల్స్ పని? ట్రయల్స్‌లో ఉండనిస్తారా? మీరు పనిచేసిన పీసుల ఫోటోలు పోర్ట్‌ఫోలియోలో పెట్టుకోవచ్చా? పెట్టుకోవచ్చంటే ఎప్పటి నుంచి? పెళ్లి బట్టలైతే ఆ పెళ్లి అయ్యేదాకా బయటపెట్టకూడదన్నది ఎటూ మర్యాదే. సర్టిఫికెట్‌లో వట్టి “ఇంటర్న్” అని కాకుండా ప్యాటర్న్ డ్రాఫ్టింగ్, మగ్గం లేఅవుట్, ఫిట్టింగ్ అని చేసిన పనుల పేర్లతో రాయించుకోవాలి.